ఒకే కీబోర్డు, రెండు ఓఎస్‌లు: వర్చువల్ మెషీన్‌లో కీ నొక్కితే ఏం జరుగుతుంది?

వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను, ఒక విండోలో నడిపే సాఫ్ట్‌వేర్) మొదటిసారి లినక్స్ వేసుకున్నవాళ్లు ఎక్కువగా అడిగేది డిస్క్ గురించో ర్యామ్ గురించో కాదు, "మౌస్ లోపలే ఇరుక్కుపోయింది, బయటికి ఎలా తేవాలి?" అని. ఆ తర్వాత వరసగా వచ్చేవీ ఇలాంటివే. ఆల్ట్-ట్యాబ్ కొడితే లోపలి విండో మారాల్సింది పోయి బయటిది మారుతోంది, పాస్‌వర్డ్‌లో @ కొడితే ఇంకేదో పడుతోంది, ఒక్కసారి నొక్కిన అక్షరం ఐదుసార్లు వస్తోంది, గేమ్ తెరిస్తే కెమెరా గిర్రున తిరిగిపోతోంది. చూడటానికి వేటికవే వేరే సమస్యలు, దేనికి దానికి ఒక చిట్కా దొరుకుతుంది, దాంతో అప్పటికి పని కూడా అయిపోతుంది. కానీ లోపల జరిగేది ఒక్కసారి అర్థమైతే ఆ చిట్కాలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రెండే ప్రశ్నలు వేసుకోవాలి: కీబోర్డు నుంచి లోపలికి వెళ్తున్నది కీ నంబరా, అక్షరమా? మౌస్ నుంచి వెళ్తున్నది కదలికా, చోటా?

మీ అసలు కంప్యూటర్‌లో నడిచే ఓఎస్ హోస్ట్, విండోలో నడిచేది గెస్ట్. గెస్ట్ తనకంటూ సొంత కీబోర్డు, సొంత మౌస్ ఉన్నాయనే అనుకుంటుంది. బల్ల మీద ఉన్నది మాత్రం ఒకటే సెట్టు. అందుకని మధ్యలో వర్చువల్‌బాక్స్, వీఎంవేర్, క్యూఎము లాంటి సాఫ్ట్‌వేర్ ఒక ఉత్తుత్తి కీబోర్డును, ఒక ఉత్తుత్తి మౌస్‌ను తయారుచేసి గెస్ట్‌కి చూపించి, హోస్ట్‌లో మీరు చేసిన ప్రతి పనినీ ఆ ఉత్తుత్తి పరికరాల భాషలోకి మార్చి పంపుతూ ఉంటుంది.

ఒక్క కీని వెంటబెట్టుకుని వెళ్దాం. మీ హోస్ట్ లినక్స్, కీబోర్డు యూఎస్‌బీది, లోపల నడిచేది క్యూఎములో ఇంకో లినక్స్ అనుకోండి. 'కె' కీ నొక్కారు. యూఎస్‌బీ కీబోర్డు దాన్ని 14 అనే నంబరుగా పంపుతుంది. హోస్ట్ కెర్నెల్ (ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగం) ఆ 14ని తన లెక్కలోకి మార్చుకుని 37 అంటుంది. ఎక్స్11 (లినక్స్‌లో విండోలు చూపించే పాత వ్యవస్థ) మీద నడిచే డెస్క్‌టాప్ అయితే దానికి 8 కలిపి 45 చేసి క్యూఎము విండోకి ఇస్తుంది. క్యూఎము మళ్లీ వెనక్కి లెక్కేసి, "ఓహో, ఇది కె కీ" అని పోల్చుకుని, తన ఉత్తుత్తి పీఎస్/2 (యూఎస్‌బీకి ముందు వాడిన కనెక్షన్) కీబోర్డు చేత 66 అనే కోడ్ పంపిస్తుంది. పీఎస్/2 కీబోర్డులు నిజంగానే అలా పంపేవి. 1984 నాటి ఐబీఎం పీసీ/ఏటీలో ఉన్న 8042 కంట్రోలర్ చిప్పును కూడా క్యూఎము అచ్చంగా అనుకరిస్తుంది, ఆ చిప్పు పద్ధతి ప్రకారం 66 కాస్తా మళ్లీ 37 అవుతుంది. ఆ 37ని హెక్స్‌లో (16 అంకెల లెక్కలో) 60 అనే పోర్టులో, అంటే సీపీయూ పరికరాలతో మాట్లాడే కిటికీలో, పెట్టి, ఇంటరప్ట్ 1 అనే గంట మోగిస్తుంది. గెస్ట్ కెర్నెల్ ఆ పోర్టు చదివి "కె కీ నొక్కారు" అనుకుంటుంది. వేలు తీసినప్పుడు ఇదంతా ఇంకోసారి జరుగుతుంది, ఈసారి పోర్టులో కనిపించేది 165, అంటే 37కి 128 కలిపిన అంకె.

ఇంత ప్రయాణంలో ఎక్కడా "k" అనే అక్షరం లేదు, గమనించండి. అన్నీ కీ నంబర్లే, అంటే కీబోర్డు మీద ఆ కీ ఉన్న స్థానానికి పెట్టిన గుర్తులు. ఆ నంబరును ఏ అక్షరంగా చదవాలో చివర్లో గెస్ట్ తన లేఅవుట్‌ను (ఏ కీకి ఏ అక్షరమో చెప్పే పట్టికను) బట్టి తేల్చుకుంటుంది. గెస్ట్‌లో యూఎస్ ఇంగ్లీషు ఉంటే k పడుతుంది, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఉంటే అదే 37కి క పడుతుంది.

తెలుగులో టైప్ చేసేవాళ్లకు తగిలే చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. హోస్ట్ విండోస్‌లో తెలుగు కీబోర్డు చక్కగా పెట్టుకుని, వర్చువల్ మెషీన్ విండో తెరిచి టైప్ చేస్తే ఇంగ్లీషే పడుతుంది. చాలామంది గెస్ట్‌లో ఫాంట్ లేదేమో అని వెతుకుతారు. ఫాంటుకీ దీనికీ సంబంధం లేదు, మీరు హోస్ట్‌లో పెట్టుకున్న తెలుగు లేఅవుట్ పనిచేసేది నంబరు అక్షరంగా మారే మెట్టు దగ్గర, వర్చువల్ మెషీన్ కీలను తీసుకుపోయేది ఆ మెట్టు కిందినుంచి. కాబట్టి తెలుగు గెస్ట్‌లోనే పెట్టుకోవాలి. లోపల లినక్స్ అయితే ఐబస్‌లో (రకరకాల భాషలు టైప్ చేయించే సాఫ్ట్‌వేర్) ఎం17ఎన్ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) రెండూ దొరుకుతాయి. హోస్ట్‌ను ఇంగ్లీషులో వదిలేసి గెస్ట్‌లో మాత్రమే తెలుగు పెట్టుకోవడం అన్నిటికంటే సాఫీగా నడిచే పద్ధతి. రెండుచోట్లా ఇన్‌పుట్ మెథడ్లు ఆన్ చేసి ఉంచితే ఏ కీ ఎవరు పట్టుకున్నారో తెలుసుకోవడమే ఒక పని అయిపోతుంది.

@ గోల కూడా ఇదే. బ్రిటన్ కీబోర్డు మీద షిఫ్ట్-2 కొడితే కొటేషన్ గుర్తు, యూఎస్ కీబోర్డు మీద అదే షిఫ్ట్-2 కొడితే @. లండన్‌లో కొన్న లాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ వేసి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు గెస్ట్‌కి యూఎస్ లేఅవుట్ ఎంచుకుంటే @ ఉన్న పాస్‌వర్డ్ లోపల వేరేగా పడుతుంది, లాగిన్ స్క్రీన్ మీద చుక్కలే కనిపిస్తాయి కాబట్టి తప్పు ఎక్కడో తెలియదు. పాస్‌వర్డ్ మర్చిపోయామనుకుని రీసెట్ చేసే ముందు, యూజర్‌నేమ్ పెట్టెలో ఆ గుర్తు కొట్టి చూడండి, క్షణంలో తేలిపోతుంది.

నంబరు కాకుండా అక్షరమే వెళ్లే దారి కూడా ఒకటుంది, చిక్కు అక్కడ ఇంకా ముదురుతుంది. దూరంగా సర్వర్‌లో ఉన్న మెషీన్‌ను వీఎన్‌సీ (దూరపు స్క్రీన్‌ను మీ ముందు చూపించే పద్ధతి) ద్వారా చూస్తున్నారనుకోండి. వీఎన్‌సీని కేంబ్రిడ్జిలోని ఒలివెట్టి రీసెర్చ్ ల్యాబ్‌లో తయారుచేసినప్పుడు అవతల ఉండేది మామూలు డెస్క్‌టాపే కాబట్టి, ఏ కీ నొక్కారో కాకుండా ఏ అక్షరం పుట్టిందో పంపితే చాలనుకున్నారు. ఆ పద్ధతి వర్చువల్ మెషీన్‌కి వచ్చేసరికి తలకిందులైంది. క్యూఎముకి అక్షరం చేరుతుంది, కానీ దాని ఉత్తుత్తి కీబోర్డు పంపగలిగేది నంబర్లనే, అంటే "ఈ అక్షరం ఏ కీ నొక్కితే పుట్టి ఉంటుంది?" అని వెనక్కి ఊహించాలి. ఆ ఊహకి ఒక పట్టిక ఉంటుంది, ఆ పట్టిక ఏ దేశపు కీబోర్డుదో చెప్పకపోతే ఇంగ్లీషు యూఎస్ అనుకుంటుంది. మీ వైపు తెలుగు ఆన్‌లో ఉండి క వెళ్లిందనుకోండి, యూఎస్ పట్టికలో క పుట్టించే కీ లేదు కాబట్టి ఆ నొక్కు గాల్లో కలిసిపోతుంది. దీనికి మందుగా క్యూఎము వాళ్లు వీఎన్‌సీకి ఒక పొడిగింపు చేర్చారు, అక్షరంతో పాటు అసలు కీ నంబరును కూడా పంపేలా. రెండు వైపులా ఆ పొడిగింపు ఉంటే 37 మళ్లీ 37గానే చేరుతుంది. బ్రౌజర్‌లో నడిచే నోవీఎన్‌సీకి కూడా ఇది తెలుసు. ఇదే పని చేసే స్పైస్ ప్రోటోకాల్ అయితే ముందునుంచే నంబర్లు పంపేలా కట్టారు, ఈ విషయంలో నాకు అదే నచ్చుతుంది.

ఇక ఏ కీ ఎవరిది అన్న గొడవకొద్దాం. మామూలు అక్షరాలతో గొడవ లేదు, ఏ విండో ముందుంటే దానికే వెళ్తాయి. గొడవంతా ఓఎస్ తనకోసం దాచుకున్న కీలతోనే. ఆల్ట్-ట్యాబ్‌ను హోస్ట్ డెస్క్‌టాప్ ముందే పట్టేసుకుంటుంది. అది లోపలికి వెళ్లాలంటే వర్చువల్ మెషీన్ విండో హోస్ట్‌ను అడిగి కీబోర్డు మొత్తాన్నీ తన గుప్పిట్లోకి తీసుకోవాలి, దీన్నే గ్రాబ్ అంటారు. మొత్తం తీసుకున్నాక బయటికి రావడానికి ఒక్క కీ అయినా మిగలాలి కదా, అందుకే హోస్ట్ కీ పెట్టారు. వర్చువల్‌బాక్స్‌లో అది కుడివైపు కంట్రోల్, వీఎంవేర్‌లో కంట్రోల్-ఆల్ట్, క్యూఎము జీటీకే విండోలో కంట్రోల్-ఆల్ట్-జి, మైక్రోసాఫ్ట్ వారి హైపర్-విలో కంట్రోల్-ఆల్ట్-ఎడమ బాణం. లోపల ఇరుక్కుపోయిన మౌస్ బయటికొచ్చేది కూడా వీటితోనే. చిన్న లాప్‌టాప్‌లు కొన్నిటిలో కుడి కంట్రోల్ అసలే ఉండదు, 2024లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన కోపైలట్ కీ కొన్ని లాప్‌టాప్‌లలో సరిగ్గా ఆ కంట్రోల్ చోటులోనే కూర్చుంది. అలాంటి లాప్‌టాప్ మీదైతే వర్చువల్‌బాక్స్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ దగ్గరికెళ్లి హోస్ట్ కీని ముందే మార్చుకోండి, ఇరుక్కున్నాక మార్చడానికి మౌస్ చేతిలో ఉండదు.

కంట్రోల్-ఆల్ట్-డిలీట్ కథ వేరు. విండోస్ హోస్ట్‌లో ఆ మూడు కీలూ కలిపి నొక్కితే ఏ ప్రోగ్రామూ, వర్చువల్ మెషీన్ అయినా సరే, దాన్ని ఆపలేదు. కావాలనే అలా చేశారు. అచ్చం లాగిన్ స్క్రీన్‌లా కనిపించే దొంగ ప్రోగ్రామ్ ఒకటి రాసి పాస్‌వర్డ్‌లు కాజేయకుండా, ఈ మూడు కీలు నొక్కితే వచ్చేది కచ్చితంగా అసలు విండోసే అన్న భరోసా ఉండాలని విండోస్ ఎన్‌టీ రోజుల నుంచీ ఉన్న ఏర్పాటు అది. అందుకని గెస్ట్‌కి ఆ కీలు పంపాలంటే మారుదారి ఉంటుంది: వర్చువల్‌బాక్స్‌లో హోస్ట్ కీ-డిలీట్, వీఎంవేర్‌లో కంట్రోల్-ఆల్ట్-ఇన్సర్ట్, హైపర్-విలో కంట్రోల్-ఆల్ట్-ఎండ్. లినక్స్ గెస్ట్‌లో టెక్స్ట్ కన్సోల్‌కి మారే కంట్రోల్-ఆల్ట్-ఎఫ్2 లాంటివి కూడా హోస్ట్ లినక్స్ అయితే హోస్టే మింగేస్తుంది, వర్చువల్‌బాక్స్‌లో హోస్ట్ కీ-ఎఫ్2 కొట్టాలి.

ఈ గ్రాబ్ అనేది ఇదివరకు సులువైన పని. ఎక్స్11లో ఏ ప్రోగ్రామైనా "కీబోర్డు నాది" అంటే సరే అనేది, అది సౌకర్యమే కానీ భద్రతకి పెద్ద చిల్లు. దాని స్థానంలో వచ్చిన వేలాండ్ ఆ తలుపు మూసేసింది. ఇప్పుడు వర్చువల్ మెషీన్ విండో "నా కోసం షార్ట్‌కట్‌లు ఆపు" అని కంపోజిటర్‌ను (విండోలన్నిటినీ కలిపి తెరమీద చూపించే భాగాన్ని) ఒక ప్రత్యేక ప్రోటోకాల్‌లో అభ్యర్థించాలి, గ్నోమ్ డెస్క్‌టాప్ అయితే ఇవ్వమంటారా అని మిమ్మల్నే అడుగుతుంది. ఆ ప్రశ్నకి తొందర్లో వద్దు అని కొట్టేసి, తర్వాత ఆల్ట్-ట్యాబ్ లోపలికి వెళ్లట్లేదని తల పట్టుకునేవాళ్లు ఉన్నారు. మాక్‌లోనూ ఇలాంటి అనుమతే, సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద ఇవ్వాలి.

కీ నొక్కడం ఒక సంఘటన, వదలడం ఇంకో సంఘటన అని పైన చూశాం. చాలా వింత సమస్యలు ఈ రెండిటి మధ్య ఖాళీలోంచే పుడతాయి. గెస్ట్‌లో పనిచేస్తూ ఆల్ట్-ట్యాబ్‌తో హోస్ట్‌లోకి వచ్చేశారు. ఆల్ట్ నొక్కినట్టు గెస్ట్‌కి కబురు వెళ్లింది, వదిలినప్పుడు విండో మారిపోయి ఉంది కాబట్టి ఆ కబురు వెళ్లలేదు. తిరిగి గెస్ట్‌లోకి వచ్చి ఎఫ్ కొడితే ఫైల్ మెనూ తెరుచుకుంటుంది, ఎందుకంటే గెస్ట్ దృష్టిలో ఆల్ట్ ఇంకా నొక్కే ఉంది. మంచి సాఫ్ట్‌వేర్ తన విండో వెనక్కి వెళ్లగానే నొక్కి ఉన్న కీలన్నీ వదిలినట్టు గెస్ట్‌కి చెప్పేస్తుంది. అది చెప్పకపోయినా, ఆల్ట్, కంట్రోల్, షిఫ్ట్, విండోస్ కీలను ఒక్కొక్కటిగా ఓసారి నొక్కి వదిలితే దారికొస్తుంది.

ఒక్క నొక్కుకి అక్షరాలు వరసగా పడటం కూడా ఇందులోంచే. కీ నొక్కే ఉంచితే అక్షరం మళ్లీ మళ్లీ రావాలి, పీఎస్/2 కీబోర్డులో మామూలుగా అర సెకను ఆగి, ఆ తర్వాత సెకనుకి 10.9 చొప్పున వస్తుంది. చాలా ఓఎస్‌లు ఈ లెక్క తమ గడియారంతోనే వేసుకుంటాయి. దూరపు సర్వర్‌లో ఉన్న గెస్ట్‌కి "నొక్కారు" అన్న కబురు చేరింది, నెట్‌వర్క్ నత్తనడక నడవడంతో "వదిలారు" అన్న కబురు ముప్పావు సెకను ఆలస్యమైంది, మీరు చకచకా టైప్ చేసినా గెస్ట్ దాన్ని నొక్కి పట్టుకున్నట్టే లెక్కవేసి 'ssss' కొట్టేస్తుంది. గెస్ట్‌లో రిపీట్ ఆలస్యాన్ని పెంచడమో, పూర్తిగా ఆపేయడమో దీనికి విరుగుడు. వీఎంవేర్‌లో దీనికంటూ ఒక కాన్ఫిగరేషన్ లైనే ఉంది, కీబోర్డ్ డాట్ టైప్‌మ్యాటిక్‌మిన్‌డిలే, అందులో 2000000 అని పెడితే మైక్రోసెకన్ల లెక్కన రెండు సెకన్లు ఆగాకే రిపీట్ మొదలవుతుంది.

మౌస్ దగ్గర విషయం ఇంకా రసవత్తరంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ సమస్య మూలంలోనే ఉంది. మామూలు మౌస్‌కి తాను ఎక్కడుందో తెలియదు. ఎటు ఎంత కదిలిందో మాత్రమే చెబుతుంది. పీఎస్/2 మౌస్ పంపే ప్యాకెట్ మూడు బైట్లు: మొదటిదాంట్లో ఏ బటన్లు నొక్కి ఉన్నాయో, మిగతా రెండిటిలో పక్కకి ఎంత, నిలువుగా ఎంత. ఎవరికైనా ఇంటికి దారి చెప్పేటప్పుడు "ఇంకో పదడుగులు ముందుకి, ఐదడుగులు కుడికి" అంటూ పోవడం లాంటిది ఇది, ఒక్క అడుగు లెక్క తప్పినా ఆ తర్వాతవన్నీ తప్పుతాయి, డోర్ నంబరు చెబితే ఆ బాధ లేదు.

ఆ లెక్క తప్పకుండా తప్పుతుంది. హోస్ట్ కర్సర్ పది పిక్సెళ్లు కదిలిందని గెస్ట్‌కి 10 పంపారు. గెస్ట్‌లో యాక్సిలరేషన్ ఉంటుంది, వేగంగా కదిపితే ఎక్కువ దూరం, నెమ్మదిగా కదిపితే తక్కువ దూరం. విండోస్‌లో పాయింటర్ ప్రెసిషన్ పెంచే సెట్టింగ్ మొదటినుంచే ఆన్‌లో ఉంటుంది. అది ఆ 10ని 14 చేయొచ్చు, 7 చేయొచ్చు. కాసేపటికి రెండు కర్సర్లు రెండు దారులు పడతాయి. పోనీ హోస్ట్ కర్సర్ విండో అంచుకి చేరితే? మౌస్ ఇంకా కుడికి కదులుతున్నా హోస్ట్ కర్సర్ ఆగిపోతుంది లేదా బయటికి జారిపోతుంది, గెస్ట్ కర్సర్ మాత్రం ఇంకా స్క్రీన్ మధ్యలోనే ఉంటుంది. అందుకే మొదట్లో అందరూ ఒకే పద్ధతి పట్టుకున్నారు: క్లిక్ చేయగానే హోస్ట్ కర్సర్‌ను మాయంచేసి, ప్రతి కదలిక తర్వాత దాన్ని విండో మధ్యలోకి లాగి పెడుతూ, మధ్యనుంచి ఎంత జరిగిందో లెక్కగట్టి గెస్ట్‌కి పంపడం. మౌస్ లోపల ఇరుక్కుపోయింది అని మనం అనుకునేది ఈ స్థితినే. వేలాండ్‌లో ప్రోగ్రాములు కర్సర్‌ను అలా లాగడానికి వీల్లేదు, అక్కడ కర్సర్‌ను ఒకచోట బిగించడానికి ఒకటి, కదలికలను నేరుగా అందుకోవడానికి ఒకటి, రెండు ప్రోటోకాల్‌లు పెట్టారు.

అసలు పరిష్కారం డోర్ నంబరు చెప్పడమే. గెస్ట్‌కి మౌస్ బదులు బొమ్మలు గీసేవాళ్లు వాడే టాబ్లెట్‌ను చూపిస్తారు, ఎందుకంటే టాబ్లెట్ కదలిక చెప్పదు, పెన్ను ఉన్న చోటే చెబుతుంది. క్యూఎములోని యూఎస్‌బీ టాబ్లెట్‌కి అడ్డంగా, నిలువుగా 0 నుంచి 32767 వరకు కొలత ఉంటుంది. మీ వర్చువల్ మెషీన్ విండో 960 పిక్సెళ్ల వెడల్పు, అందులో హోస్ట్ కర్సర్ ఎడమనుంచి 240వ పిక్సెల్ మీద ఉందనుకోండి. అంటే నాలుగో వంతు, కాబట్టి టాబ్లెట్ సుమారు 8192 అని చెబుతుంది. గెస్ట్ స్క్రీన్ వెడల్పు 1920 అయితే, దాంట్లో నాలుగో వంతు 480, గెస్ట్ కర్సర్ నేరుగా అక్కడికి వెళ్లి కూర్చుంటుంది. యాక్సిలరేషన్ లేదు, లెక్క తప్పడం లేదు, గ్రాబ్ అవసరమే లేదు, విండో అంచు దాటితే మౌస్ హోస్ట్‌కి వచ్చేస్తుంది. పైగా యూఎస్‌బీ ఇన్‌పుట్ పరికరాలకి డ్రైవర్ ఇప్పటి ఓఎస్‌లలో ముందే ఉంటుంది కాబట్టి విండోస్ ఇన్‌స్టాలర్ మొదటి స్క్రీన్ నుంచే పనిచేస్తుంది.

ఇదే పనిని ఒక్కొక్కరు ఒక్కో దారిలో చేశారు. వీఎంవేర్‌లో గెస్ట్ డ్రైవర్ హెక్స్‌లో 5658 అనే పోర్టును చదువుతుంది. నిజమైన కంప్యూటర్‌లో ఆ పోర్టు వెనక ఏమీ ఉండదు, వీఎంవేర్ కింద నడిచేటప్పుడు మాత్రం హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) ఆ చదువును మధ్యలో పట్టుకుని కర్సర్ ఉన్న చోటు చెప్పి పంపుతుంది. వర్చువల్‌బాక్స్‌లో గెస్ట్ అడిషన్స్ వేసుకున్నాక మౌస్ ఇంటిగ్రేషన్ పేరుతో వచ్చేది ఇలాంటిదే. హైపర్-వి రెండో తరం మెషీన్లలో అయితే పీఎస్/2 అనుకరణే తీసేశారు, కీబోర్డూ మౌసూ రెండూ హైపర్-వి సొంత దారి అయిన వీఎంబస్ మీదే వస్తాయి, ఆ డ్రైవర్లు లేని పాత ఓఎస్ వేస్తే చేతులు కట్టేసినట్టే. లినక్స్ లోకంలో 2015లో వచ్చిన వర్ట్ఐఓ ఇన్‌పుట్ ఉంది, ఉత్తుత్తి చిప్పుల గొడవేమీ లేకుండా సంఘటనలను నేరుగా అందిస్తుంది.

యూఎస్‌బీ టాబ్లెట్‌కి ఒక ఖర్చు ఉంది. పాత యూఎస్‌బీ 1.1 కంట్రోలర్ మిల్లీసెకనుకి ఒకసారి, అంటే సెకనుకి 1000 సార్లు, "ఏమైనా ఉందా?" అని చూసుకునే పద్ధతిలో పనిచేస్తుంది. దాన్ని అచ్చంగా అనుకరిస్తే గెస్ట్ ఏ పనీ లేకుండా కూర్చున్నా హోస్ట్ సీపీయూ ఊరికే మేలుకుంటూ ఉంటుంది. సర్వర్‌లో పదుల కొద్దీ మెషీన్లు పెట్టుకున్నవాళ్లు, అసలు స్క్రీనే చూడని మెషీన్లకి టాబ్లెట్ తీసేయడం మంచిది. మిగతావాటికి ఎక్స్‌హెచ్‌సీఐ (కొత్త తరం యూఎస్‌బీ) కంట్రోలర్ పెట్టుకోండి, దాని నిర్మాణం వర్చువల్ మెషీన్లకి చాలా అనువుగా ఉంటుంది, సీపీయూ తక్కువ తింటుంది.

గెస్ట్ ఈసురోమంటూ నడుస్తున్నా కర్సర్ మాత్రం వెన్నలా కదులుతుంటుంది, చూసే ఉంటారు. టాబ్లెట్ పద్ధతిలో స్క్రీన్ మీద మీరు చూసే బాణం చాలాసార్లు హోస్ట్‌దే. గెస్ట్ తన కర్సర్ బొమ్మను మాత్రం బయటికి పంపుతుంది, హోస్ట్ ఆ బొమ్మను తన కర్సర్‌కి తొడుగుతుంది. అందుకే బాణం కదలడం బట్టి గెస్ట్ బతికే ఉందని అనుకోకండి. ఏదైనా లింక్ మీదికి తీసుకెళ్లి చూడండి. బాణం చెయ్యి గుర్తుగా మారితే గెస్ట్ జవాబిస్తున్నట్టు.

మరి ఇంత మంచి టాబ్లెట్ పద్ధతి గేముల్లో ఎందుకు తలకిందులవుతుంది? తుపాకీ పట్టుకుని తిరిగే గేముల్లో కర్సర్ అనేదే ఉండదు, గేమ్‌కి కావలసింది మౌస్ ఎటు ఎంత కదిలిందన్నదే. చాలా గేములు కర్సర్‌ను మధ్యలో పెట్టి, ఎంత జరిగిందో చూసి, మళ్లీ మధ్యలో పెడతాయి. టాబ్లెట్ మాత్రం ప్రతిసారీ "నేను ఫలానా చోట ఉన్నాను" అంటుంది. గేమ్ దాన్ని పెద్ద కదలిక అనుకుని తల తిప్పేస్తుంది, మళ్లీ మధ్యలో పెడుతుంది, టాబ్లెట్ మళ్లీ అదే చోటు చెబుతుంది, దాంతో కెమెరా బొంగరం అయిపోతుంది. గ్రాఫిక్స్ సెట్టింగులు ఎన్ని మార్చినా ఇది పోదు. వర్చువల్‌బాక్స్‌లో ఇన్‌పుట్ మెనూ తెరిచి మౌస్ ఇంటిగ్రేషన్ ఆపేస్తే కదలికల పద్ధతి తిరిగొస్తుంది.

గేముల కోసమే గ్రాఫిక్స్ కార్డును గెస్ట్‌కి అప్పగించేవాళ్లు యూఎస్‌బీ కీబోర్డు, మౌస్‌లను కూడా మొత్తంగా అప్పగించేస్తారు. ఆలస్యం ఉండదు, కానీ గెస్ట్ బిగుసుకుపోతే హోస్ట్ చేతిలో కీబోర్డే ఉండదు. క్యూఎము 2.6లో 2016లో వచ్చిన ఈవీడెవ్ పద్ధతి దీనికంటే మేలు. హోస్ట్ కెర్నెల్ దగ్గరే సంఘటనలను పట్టుకుని గెస్ట్‌కి పంపుతుంది, ఎడమ కంట్రోల్, కుడి కంట్రోల్ రెండూ కలిపి నొక్కితే కీబోర్డు అటూ ఇటూ మారుతుంది. ఇందులో క్యూఎము ప్రాసెస్సే పడిపోతే కెర్నెల్ ఆ పరికరాన్ని వెంటనే హోస్ట్‌కి వదిలేస్తుంది.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. బ్యాంకు పనులకి విడిగా ఒక వర్చువల్ మెషీన్ పెట్టుకున్నాం కాబట్టి హోస్ట్‌లో వైరస్ ఉన్నా పాస్‌వర్డ్ భద్రం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కె కీ ప్రయాణం మళ్లీ చూడండి: 14, 37, 45, ఈ మూడూ హోస్ట్‌లోనే, గెస్ట్‌కి ఒక్క నంబరు చేరకముందే జరిగిపోయాయి. హోస్ట్‌లో కీలాగర్ (నొక్కిన కీలన్నీ దొంగచాటుగా రాసుకునే ప్రోగ్రామ్) ఉంటే గెస్ట్‌లో కొట్టిన ప్రతి అక్షరం దానికి ముందే తెలుస్తుంది. రక్షణ ఒక్క వైపే పనిచేస్తుంది, లోపల ఉన్న వైరస్‌కి బయట మీరు టైప్ చేసేది కనిపించదు. కాబట్టి తెలియని ఫైళ్లు తెరవాల్సింది గెస్ట్‌లో, పాస్‌వర్డ్‌లు కొట్టాల్సింది శుభ్రంగా ఉంచుకున్న హోస్ట్‌లో.